పైథాన్‌లో సొంత ఆదేశాల షెల్: సీఎండీయా, సీఎండీ2యా, ప్రాంప్ట్ టూల్‌కిట్టా?

గుణుపురంలో ఒక విత్తనాల దుకాణం అనుకోండి. కౌంటర్ మీద పాత ల్యాప్‌టాప్, అందులో నల్ల తెర, దాని మీద ఒక ప్రాంప్ట్, అంటే ఆదేశం కోసం ఎదురుచూసే గుర్తు. "అమ్ము ఎంటీయూ-1010 3" అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ వరి రకం మూడు బస్తాలు స్టాకులోంచి తగ్గాలి, బిల్లు నంబరు రావాలి. "నిల్వ" అంటే మిగిలిన సరుకు చూపించాలి. వెబ్ పేజీ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, మౌస్ అసలే అక్కర్లేదు. ఇలాంటి షెల్ పైథాన్‌లో కట్టడానికి నాలుగైదు దారులున్నాయి. ఏ దారి పట్టాలో లైబ్రరీ హంగులు చూసి తేల్చుకుంటే తర్వాత బాధపడతారు. ఆ కీబోర్డు ముందు కూర్చునేది ఎవరు, ఆ యంత్రంలో ఉన్నది విండోసా లినక్సా, కరెంటు పోతే ఏం పోతుంది అని ముందు అడగండి.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాం. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఈ సాయంత్రమే పని జరగాలంటే పైథాన్‌తో పాటే వచ్చే సీఎండీ మాడ్యూల్ చాలు. విండోస్ యంత్రం, టైపింగ్ అలవాటు లేని మనిషి, వందల్లో సరుకుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉంటే ప్రాంప్ట్ టూల్‌కిట్ అనే విడి లైబ్రరీ. ఆదేశాలకి బోలెడన్ని ఆప్షన్లుండి, స్క్రిప్టు ఫైళ్లు నడపాల్సి వచ్చి, వాడేది సాంకేతికం తెలిసినవాళ్లయితే సీఎండీ2, ఇదీ విడి లైబ్రరీయే. రోజుకి ఒకటో రెండో ఆదేశాలు కొట్టి మూసేసే పనైతే షెల్ కట్టకండి, పైథాన్‌తో వచ్చే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్‌తో మామూలు సబ్‌కమాండ్లు పెట్టుకోండి. ఒక ఆదేశం అయ్యాక ఇంకొకటి, మధ్యలో నిల్వ చూసుకోవడం, మళ్లీ ఆదేశం, ఇలా పూటంతా సాగే పనికే షెల్ కావాలి.

ఒక చిన్న మాట. కింద "డూ_" అని రాసినచోట ఆంగ్లంలో డి, ఓ, అండర్‌స్కోర్ అని చదువుకోండి. మిగతా మెథడ్ పేర్లూ అంతే.

సీఎండీ: చేతిలో ఉన్న పనిముట్టు

సీఎండీ పద్ధతి చాలా సులువు. సీఎండీ.సీఎండీ అనే క్లాసుని ఆధారం చేసుకుని మీ క్లాసు రాస్తారు. డూ_ అని మొదలయ్యే ప్రతి మెథడూ ఒక ఆదేశం అవుతుంది. ఆ మెథడ్ డాక్‌స్ట్రింగే దాని హెల్ప్. కంప్లీట్_ అని మొదలయ్యే మెథడ్ రాస్తే ఆ ఆదేశంలో ట్యాబ్ నొక్కితే సగం కొట్టిన మాట పూర్తవుతుంది. ఆదేశం నుంచి ట్రూ తిరిగొస్తే షెల్ ఆగుతుంది. చివర సీఎండీలూప్ పిలిస్తే షెల్ సిద్ధం. యాభై లైన్లలో పనికొచ్చే షెల్ నిలబడుతుంది. ఇంత తక్కువ శ్రమతో వచ్చేది ఇంకోటి లేదు.

కానీ దాని సహజ గుణాలు కొన్ని దుకాణానికి పనికిరావు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఖాళీ లైను. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే సీఎండీ ఊరుకోదు, ముందు కొట్టిన ఆదేశాన్నే మళ్లీ నడుపుతుంది. "నిల్వ" రెండుసార్లు వస్తే నష్టం లేదు. "అమ్ము ఎంటీయూ-1010 3" కొట్టాక తెర కదల్లేదేమోనని ఇంకోసారి ఎంటర్ నొక్కితే మాత్రం మూడు బస్తాలు ఆరవుతాయి. సాయంత్రం లెక్క తేలదు, గోదాములో సరుకు మాత్రం సరిగ్గానే ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. మందు ఒకే లైను: ఎంప్టీలైన్ అనే మెథడ్‌ని మీ క్లాసులో మళ్లీ రాసి లోపల పాస్ పెట్టండి. సీఎండీ ఎంచుకుంటే మొదటి ఆదేశం రాయకముందే ఈ పని చేయాలి.

రెండోది కంట్రోల్-డి. అది నొక్కితే, లేదా ఫైలు నుంచి ఇస్తున్న ఆదేశాలు అయిపోతే, సీఎండీకి "ఈఓఎఫ్" అనే మాట ఆదేశంలా అందుతుంది. డూ_ఈఓఎఫ్ మీరు రాయకపోతే "ఆ ఆదేశం తెలీదు" అని చెప్పి మళ్లీ చదవబోతుంది, మళ్లీ ఈఓఎఫ్, మళ్లీ అదే మాట. ఫైలుని పైపు చేసి నడిపినప్పుడు తెర నిండా అదే లైను ఆగకుండా పరిగెడుతుంది. డూ_ఈఓఎఫ్ రాసి ట్రూ తిరిగివ్వాలి.

మూడోది కంట్రోల్-సి. టైపు చేస్తున్న లైను వద్దనుకుని అది నొక్కితే షెల్ మొత్తం ట్రేస్‌బ్యాక్ విసిరి పడిపోతుంది. సీఎండీలూప్‌ని ఒక వైల్ లూప్‌లో పెట్టి కీబోర్డ్‌ఇంటరప్ట్‌ని పట్టుకోండి. పట్టుకుని మళ్లీ పిలిచేముందు ఇంట్రోని ఖాళీ చేయండి, లేకపోతే స్వాగత వాక్యం ప్రతిసారీ మొదటినుంచీ వస్తుంది. ఆదేశం లోపల ఏ తప్పు జరిగినా ఇదే గతి. అంకె రాయాల్సినచోట అక్షరం కొడితే వాల్యూఎర్రర్ వచ్చి షెల్ మూతపడుతుంది. అందుకని ఒక్కో లైనుని నడిపే వన్‌సీఎండీ మెథడ్‌ని మళ్లీ రాసి, లోపల అసలు వన్‌సీఎండీని ట్రై మధ్యలో పిలిచి, తప్పొస్తే ఒక లైనులో తెలుగులో చెప్పి, పూర్తి ట్రేస్‌బ్యాక్‌ని లాగ్ ఫైలులో పడేయండి.

నాలుగోది ఆర్గ్యుమెంట్లు. డూ_ మెథడ్‌కి వచ్చేది ముక్కలు చేయని ఒకే స్ట్రింగు. షెలెక్స్.స్ప్లిట్‌తో విడగొడితే కొటేషన్లలో ఉన్న పేర్లు కూడా సరిగ్గా వస్తాయి. ఐతే కొటేషన్ మూయడం మరిస్తే అది వాల్యూఎర్రర్ ఇస్తుంది, దాన్నీ పట్టుకోవాలి. ఆప్షన్ల కోసం ఆర్గ్‌పార్స్‌ని లోపల వాడితే ఇంకో గుంట ఉంది: తప్పు ఆప్షన్ కొట్టినా, హెల్ప్ అడిగినా ఆర్గ్‌పార్స్ ప్రోగ్రాముకి ప్రోగ్రామునే మూసేస్తుంది. వచ్చేది సిస్టమ్‌ఎగ్జిట్. మామూలు ఎక్సెప్షన్ వలలో అది పడదు, పేరు పెట్టి విడిగా పట్టుకోవాలి. పైథాన్ 3.9 నుంచి ఎగ్జిట్_ఆన్_ఎర్రర్ అనే సదుపాయం వచ్చినా దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి, హెల్ప్ అడిగితే అప్పటికీ బయటికే పోతుంది.

ఇవన్నీ కలిపి ముప్ఫై లైన్లు ఉంటాయి. ఒక బేస్ క్లాసుగా రాసి దాచుకుంటే ప్రతి దుకాణానికీ పనికొస్తుంది.

ఆదేశం పేరు ఏ భాషలో?

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ ప్రశ్నని ఎగరేయడం కుదరదు. కౌంటర్ దగ్గర తెలుగు మాట్లాడే అన్నయ్య ఉంటాడు, మధ్యాహ్నం ఒడియా మాట్లాడే కుర్రాడు కూర్చుంటాడు, రైతుల్లో సవర మాట్లాడేవాళ్లుంటారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు జీవితమంతా వాడుక మాట పక్షానే నిలబడ్డారు. ఆదేశాల విషయంలోనూ మా పక్షం అదే. "విక్రయము" వద్దు, "అమ్ము" పెట్టండి. "బకాయి వివరములు" వద్దు, "అప్పు" చాలు.

మరి ఏ లిపిలో? పైథాన్ 3 తెలుగు అక్షరాల్లో మెథడ్ పేర్లు ఒప్పుకుంటుంది, డూ_ తర్వాత అమ్ము అని తెలుగులోనే రాయొచ్చు. కానీ సీఎండీ ఆ ఆదేశాన్ని గుర్తుపట్టదు. లైనులో ఆదేశం ఎక్కడితో ఆగిందో కనుక్కోవడానికి అది ఐడెంట్‌చార్స్ అనే జాబితా చూస్తుంది, అందులో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉంటాయి. తెలుగు అక్షరం మొదట్లోనే ఎదురయ్యేసరికి ఆదేశం ఖాళీ అనుకుని లైనంతా తెలియని ఆదేశాల కోసం ఉన్న డిఫాల్ట్ మెథడ్‌కి పంపేస్తుంది. పార్స్‌లైన్ మెథడ్‌ని మళ్లీ రాసి, మొదటి ఖాళీ దగ్గర లైనుని విడగొట్టేలా చేస్తే ఈ చిక్కు వదులుతుంది. ప్రశ్నార్థకం కొడితే హెల్ప్ వచ్చే పాత అలవాటుని ఆ కొత్త పార్స్‌లైన్‌లో మీరే తిరిగి పెట్టుకోవాలి.

ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. పైథాన్ మీ కోడులోని పేర్లని ఎన్‌ఎఫ్‌కేసీ అనే యూనికోడ్ పద్ధతిలో సాపు చేసి దాచుకుంటుంది. వాడేవాళ్లు టైపు చేసిన స్ట్రింగుని మాత్రం అలా సాపు చేయదు. ఒడియాలో చుక్క పెట్టిన డ, ఢ అక్షరాలు ఒకే కోడుగానూ రావచ్చు, అక్షరం ఒకటి, చుక్క ఒకటిగానూ రావచ్చు. చూడ్డానికి ఒకటే, పోలిస్తే వేరు. యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్‌తో టైపు చేసినదాన్ని కూడా సాపు చేసి అప్పుడు వెతకాలి. తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే కంటికి కనిపించని విడదీత గుర్తు కూడా ఇలాగే మోసం చేస్తుంది. పైథాన్ పేర్లలో దానికి చోటు లేదు కాబట్టి ఇన్‌పుట్‌లోంచి తీసేయండి.

ఇంత చేసినా కౌంటర్ పనికి మా సలహా రోమన్ అక్షరాల్లో తెలుగు మాటే. సరుకుల కోడ్లు ఆంగ్లంలో ఉంటాయి, ఆదేశం తెలుగులో ఉంటే ఒక్కో లైనుకి రెండుసార్లు కీబోర్డు భాష మార్చాలి. రద్దీలో ఆ పని ఎవరూ చేయరు. "అమ్ము"ని రోమన్‌లో పెట్టి, ఒడియావాళ్ల కోసం "బిక్రి"ని, ఆంగ్ల అలవాటున్నవాళ్ల కోసం "సేల్"ని అదే మెథడ్‌కి మారుపేర్లుగా ఒక డిక్షనరీలో కట్టేయండి. తెర మీద వచ్చే జవాబు మాత్రం పూర్తిగా తెలుగులో ఉండనివ్వండి, కావాలంటే ఒక సెట్టింగుతో ఒడియాలో. "అమ్" దాకా కొట్టి ఎంటర్ నొక్కినా ఒకే ఆదేశం దానితో మొదలైతే నడిచిపోయేలా డిఫాల్ట్‌లో రాసుకోవచ్చు. "రద్దు" లాంటి వాటికి మాత్రం ఆ సౌకర్యం ఇవ్వకండి, పూర్తి మాట కొట్టాల్సిందే.

అంకెల విషయంలో పైథాన్ మనకి మేలే చేసింది. ఇంట్ ఫంక్షన్‌కి తెలుగు అంకెలిచ్చినా, ఒడియా అంకెలిచ్చినా సరైన సంఖ్యే వస్తుంది. డేటాబేసులో పెట్టేముందు తప్పకుండా సంఖ్యగా మార్చేయండి. స్ట్రింగుగా దాస్తే పోలికలన్నీ చెడతాయి.

నల్ల తెర మీద తెలుగు

"క్షేత్రం" అన్న మాట కంటికి రెండు అక్షరాలు. పైథాన్ లెన్‌కి ఎనిమిది. టెర్మినల్ దానికి ఎన్ని గడులు కేటాయిస్తుందో ఇంకో లెక్క. అందుకని ఎల్‌జస్ట్‌తో కట్టిన పట్టికలు తెలుగులో ఎప్పుడూ వంకరే. సీఎండీ హెల్ప్ జాబితా కూడా లెన్‌నే నమ్ముతుంది కాబట్టి తెలుగు పేర్లు పెడితే వరసలు చెదురుతాయి. డూ_హెల్ప్‌ని మళ్లీ రాసి లైనుకొక ఆదేశం చూపించండి. పట్టికల్లో అంకెలూ కోడ్లూ ముందు, తెలుగు పేరు ఆఖరి వరసలో పెట్టండి. వంకర పోవడానికి దాని తర్వాత ఇంకేమీ ఉండదు.

ప్రాంప్ట్‌ని మాత్రం ఆంగ్లంలో రెండు మూడు అక్షరాలకి కుదించండి. తెలుగులో పెడితే లైబ్రరీ లెక్కగట్టిన వెడల్పూ టెర్మినల్ గీసిన వెడల్పూ కుదరక, కర్సర్ ఒకచోట, అక్షరం పడేది ఇంకొకచోట అవుతుంది. ప్రాంప్ట్‌కి రంగు పెట్టినా ఇదే గొడవ. రీడ్‌లైన్ (టైపు చేసే లైనుని దిద్దడం, ట్యాబ్, పాత లైన్లు చూసుకునే లైబ్రరీ) వాడేచోట రంగు సంకేతాలకి ముందు 1వ నంబరు, తర్వాత 2వ నంబరు కంట్రోల్ అక్షరం చుట్టాలి, లేకపోతే పొడుగు లైను మడతపడేచోట అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రాంప్ట్ టూల్‌కిట్‌కి ఈ చుట్టుడు అక్కర్లేదు, రంగులకి దానికి వేరే పద్ధతి ఉంది.

విండోస్‌లో పాత కన్సోల్ కిటికీ ఒత్తులు సరిగ్గా గీయదు. విండోస్ టెర్మినల్ వేయండి. ఏ టెర్మినల్ అయినా ఒప్పుకునేముందు "స్త్రీ, క్షేత్రం, కృష్ణ, రాష్ట్రం" అన్న లైను ప్రింటు చేసి కళ్లతో చూడండి. తెర మీద బాగానే ఉండి, ఔట్‌పుట్‌ని ఫైలులోకి మళ్లిస్తే యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ వచ్చిందంటే కారణం ఇది: విండోస్‌లో తెరకి రాసేటప్పుడు పైథాన్ యూటీఎఫ్-8 వాడుతుంది, ఫైలుకి మళ్లిస్తే యంత్రం పాత ఎన్‌కోడింగ్‌కి వెళ్లిపోతుంది. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేయండి.

ట్యాబ్ దగ్గరే తేలుతుంది

సీఎండీ ట్యాబ్ పని అంతా రీడ్‌లైన్ మీద ఆధారపడింది. లినక్స్‌లో అది ఉంటుంది. మ్యాక్‌లో దాని స్థానంలో చాలాసార్లు లిబ్‌ఎడిట్ అనే ఇంకో లైబ్రరీ ఉంటుంది, కీ కట్టే రాత వేరు. విండోస్ పైథాన్‌లో రీడ్‌లైన్ మాడ్యూలే లేదు. పైరీడ్‌లైన్3 విడిగా వేసుకోవాలి, లేకపోతే ట్యాబ్ కొడితే ఖాళీలే పడతాయి. పైథాన్ 3.13లో రంగులతో కొత్త ఇంటరాక్టివ్ ప్రాంప్ట్ వచ్చింది కదా, మనకీ అది దొరుకుతుందనుకునేవాళ్లున్నారు. అది పైథాన్ తన కోసం పెట్టుకున్నది. దాని లోపలి మాడ్యూల్ పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది, అంటే బయటివాళ్లు ముట్టుకోవద్దని అర్థం.

రీడ్‌లైన్ ఉన్నా మన సరుకుల కోడ్లు దాన్ని తికమక పెడతాయి. ఎంటీయూ-1010, ఎంటీయూ-7029 చూడండి, రెండోది అందరూ స్వర్ణ అని పిలిచే రకం. రీడ్‌లైన్ దృష్టిలో హైఫన్ మాటల మధ్య గోడ. "ఎంటీయూ-10" దాకా కొట్టి ట్యాబ్ నొక్కితే కంప్లీట్_ మెథడ్‌కి "10" ఒక్కటే అందుతుంది. దానితో మొదలయ్యే సరుకు లేదు కాబట్టి జవాబు రాదు. రీడ్‌లైన్.సెట్_కంప్లీటర్_డెలిమ్స్‌తో గోడల జాబితాలోంచి హైఫన్ తీసేస్తే సరిపోతుంది. ఇంకో సంగతి, కంప్లీట్_ మెథడ్‌లో మీ కోడు తప్పైతే రీడ్‌లైన్ ఆ తప్పుని చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది. ట్యాబ్ పనిచేయట్లేదంటే లైబ్రరీని అనుమానించకముందు ఆ మెథడ్‌ని విడిగా, చేత్తో ఆర్గ్యుమెంట్లిచ్చి పిలిచి చూడండి.

ఊళ్ల పేర్లు దీనికంటే పెద్ద తంటా. ఒకరు పర్లాకిమిడి అంటారు, ఇంకొకరు పర్లాఖెముండి. బరంపురం, బ్రహ్మపుర్ ఒకటే. జయపురం, జేపూర్ ఒకటే. గుణుపురం, గుణుపుర్ ఒకటే. రోమన్‌లో రాస్తే ఒక్కోదానికి నాలుగు రకాల స్పెల్లింగు. ఖాతాలో ఒకే ఊరు మూడు ఊళ్లుగా పడితే ఊరివారీ అప్పుల జాబితా అబద్ధం చెబుతుంది. ఏ రూపంలో మొదలెట్టినా ఒకే ప్రామాణిక పేరు లైనులో పడాలి. రీడ్‌లైన్‌లో ఒకే జవాబు దొరికినప్పుడు ఇది కుదురుతుంది, టైపు చేసింది తీసి జవాబు పెడుతుంది. జవాబులు రెండు మూడైతే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మొదటి అక్షరాల దాకే వెళ్లగలదు. సీఎండీ దాటి ప్రాంప్ట్ టూల్‌కిట్ వైపు నడవాల్సిన ఘట్టం ఇదే.

ప్రాంప్ట్ టూల్‌కిట్

పైథాన్ రాసేవాళ్లు వాడే ఐపైథాన్ షెల్ 5వ వెర్షన్‌తో 2016లో రీడ్‌లైన్‌ని వదిలి ప్రాంప్ట్ టూల్‌కిట్ మీదికి మారింది. పోస్ట్‌గ్రెస్ కోసం వాడే పీజీసీఎల్‌ఐ, మైసీక్వెల్ కోసం వాడే మైసీఎల్‌ఐ కూడా దీని మీదే నడుస్తాయి. రీడ్‌లైన్‌తో పనిలేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా నడుస్తుంది. టైపు చేస్తుండగానే కింద జాబితా తెరుచుకుంటుంది. బాణం కీతో ఎంచుకోవడమే. టైపింగ్ రాని మనిషికి ఇదే పెద్ద తేడా.

కంప్లీషన్ కోసం కంప్లీటర్ క్లాసుని ఆధారం చేసుకుని గెట్_కంప్లీషన్స్ రాస్తారు, ఒక్కో జవాబుకి ఒక కంప్లీషన్ వస్తువు ఇస్తారు. అందులో లైనులో పడే పాఠం వేరు, జాబితాలో కనిపించే పాఠం వేరు, పక్కన చిన్నగా వచ్చే వివరం వేరు. ఊరి పేరు ఏ రూపంలో కొట్టినా లైనులో ప్రామాణిక రూపం పడుతుంది, జాబితాలో తెలుగు పేరు కనిపిస్తుంది, పక్కన జిల్లా. సరుకులైతే పక్కన మిగిలిన బస్తాలు. స్టార్ట్_పొజిషన్ మాత్రం టైపు చేసిన ముక్క పొడవుకి మైనస్ పెట్టి ఇవ్వాలి. సున్నా వదిలేస్తే పాత ముక్క చెరగదు, "ఎంటీఎంటీయూ-1010" అని పడుతుంది.

రెడీమేడ్‌గా దొరికే వర్డ్‌కంప్లీటర్ హైఫన్ విషయంలో రీడ్‌లైన్ లాగే తడబడుతుంది. డబ్ల్యూ, ఓ, ఆర్, డి పెద్ద అక్షరాల్లో ఉన్న ఆప్షన్‌ని ట్రూ చేస్తే ఖాళీ నుంచి ఖాళీ దాకా ఒకే మాటగా చూస్తుంది. నెస్టెడ్‌కంప్లీటర్‌కి డిక్షనరీ ఇస్తే ఆదేశం తర్వాత ఏం రావాలో చూపిస్తుంది, కానీ మొదట్లో ఇచ్చిన డిక్షనరీనే పట్టుకుని ఉంటుంది. మధ్యాహ్నం కొత్త సరుకు చేరిస్తే జాబితాలో కనపడదు. సొంత కంప్లీటరే మేలు.

గెట్_కంప్లీషన్స్ ప్రతి అక్షరానికీ నడుస్తుందని గుర్తుంచుకోండి. అందులో డేటాబేసు ప్రశ్న పెడితే పాత ల్యాప్‌టాప్ మీద టైపింగ్ నత్తనడక అవుతుంది. సరుకుల జాబితా మెమరీలో ఉంచుకుని, మారినప్పుడే మళ్లీ చదవండి. తప్పదంటే కంప్లీట్_ఇన్_థ్రెడ్ ట్రూ చేయండి. కింది పట్టీ బాటమ్_టూల్‌బార్ కూడా తెర మళ్లీ గీసినప్పుడల్లా నడుస్తుంది, అక్కడా డేటాబేసు వద్దు.

పాత లైన్లని బూడిద రంగులో ముందే చూపించే ఆటోసజెస్ట్ బాగుంటుంది, కోడు రాసేవాళ్లకి. అమ్మకాల కౌంటర్‌కి వద్దు. నిన్నటి "అమ్ము ఎంటీయూ-1010 30" బూడిద రంగులో కనిపిస్తుంది, కుడి బాణం తగిలితే 3 బదులు 30 పడుతుంది.

పైపు ద్వారా ఆదేశాలిస్తే ఇది ఇన్‌పుట్ టెర్మినల్ కాదని హెచ్చరిస్తుంది. ఎస్‌టీడీఇన్.ఇస్‌ఏటీటీవై చూసి, టెర్మినల్ కాకపోతే మామూలుగా లైను లైనుగా చదివేలా వేరే దారి పెట్టుకోండి.

లోటు ఒక్కటే. ఇది లైను రాయించుకుని మీ చేతికిస్తుంది, అంతే. ఆదేశం ఏదో గుర్తుపట్టడం, హెల్ప్, మారుపేర్లు అన్నీ మీరే రాసుకోవాలి. అందుకు మేం చెప్పేది రెండింటినీ కలపమని. పైన చెప్పిన సీఎండీ బేస్ క్లాసుని అలాగే ఉంచండి, సీఎండీలూప్‌ని మాత్రం పిలవకండి. బదులుగా ప్రాంప్ట్ టూల్‌కిట్‌లోని ప్రాంప్ట్‌సెషన్ నుంచి లైను తీసుకుని వన్‌సీఎండీకి ఇచ్చే ఎనిమిది లైన్ల లూపు మీరే రాయండి. ఆదేశానికి ముందూ తర్వాతా నడిచే ప్రీసీఎండీ, పోస్ట్‌సీఎండీ వాడుతుంటే వాటినీ మీరే పిలవాలి, వన్‌సీఎండీ వాటిని పిలవదు. కంట్రోల్-డికి ఈఓఎఫ్‌ఎర్రర్, కంట్రోల్-సికి కీబోర్డ్‌ఇంటరప్ట్ శుభ్రంగా వస్తాయి. మొదటిది వస్తే బయటికి, రెండోది వస్తే కొత్త లైనుకి. ఇలా కడితే ఈరోజు సీఎండీతో మొదలెట్టినవాళ్లు రేపు ఆదేశాల్లో ఒక్క లైనూ మార్చకుండా ఇటు రావచ్చు. పరీక్షలు రాయడం కూడా సులువు, వన్‌సీఎండీకి స్ట్రింగు ఇచ్చి జవాబు చూడటమే. దీనికోసం ఆదేశాల్లో ప్రింట్ బదులు సెల్ఫ్.ఎస్‌టీడీఔట్‌కి రాయడం అలవాటు చేసుకోండి.

సీఎండీ2 ఎవరికి?

సీఎండీ2 అంటే సీఎండీని తీసుకుని పైన చెప్పిన గుంటలు చాలావరకు పూడ్చినది. ఖాళీ లైనుకి ఏమీ చేయదు, ఆదేశంలో తప్పొస్తే చెప్పి ప్రాంప్ట్‌కి తిరిగొస్తుంది, ఆర్గ్‌పార్స్‌ని డెకరేటర్‌తో తగిలిస్తే ఆప్షన్లకి ట్యాబ్ కూడా వస్తుంది. కొట్టిన లైన్ల చరిత్ర వెతకడం, మారుపేర్లు, మాక్రోలు, రన్_స్క్రిప్ట్, ఔట్‌పుట్‌ని ఫైలుకో ఇంకో ప్రోగ్రాముకో మళ్లించడం అన్నీ ఉన్నాయి. మళ్లింపు పనిచేయాలంటే ప్రింట్ కాకుండా పౌట్‌పుట్ వాడాలి, అదొక్కటే షరతు.

రాయగడలోనో బరంపురంలోనో ఒక ల్యాబులో పది యంత్రాలు చూసుకునే అడ్మిన్‌కి, పరికరాల్ని పరీక్షించే ఇంజనీరుకి ఇది సరైన ఎంపిక. కౌంటర్‌కి మాత్రం సామాను ఎక్కువ. హెల్ప్ కొడితే మీరు రాయని ఆదేశాలు డజను కనిపించి కొత్తవాళ్లు బెదురుతారు. సరుకు వివరంలో పెద్దది గుర్తు గానీ నిలువు గీత గానీ కొడితే దాన్ని మళ్లింపు అనుకుంటుంది, అలౌ_రీడైరెక్షన్‌ని ఫాల్స్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆశ్చర్యార్థకం కొట్టి ఏ సిస్టమ్ కమాండైనా నడపొచ్చు. పదిమంది చేతులు పడే యంత్రంలో డూ_షెల్‌ని తీసేయకుండా సీఎండీ2 పెట్టకండి.

పైథాన్‌తో వచ్చే కోడ్.ఇంటరాక్ట్ కూడా అలాంటిదే. అది వాడేవాళ్ల చేతికి పైథాన్‌నే ఇచ్చేస్తుంది. మీ డేటాని మీరు తవ్వి చూసుకోవడానికి అంత హాయైనది లేదు, కౌంటర్‌కి అసలు వద్దు. ఇప్పటికే క్లిక్ అనే లైబ్రరీతో రాసిన ప్రోగ్రాము ఉంటే క్లిక్-రెపిల్ దానికి ప్రాంప్ట్ తగిలిస్తుంది, కొత్తగా రాసేవాళ్లు దానికోసం క్లిక్ నేర్చుకోనక్కర్లేదు. లినక్స్‌లో మామూలు ఇన్‌పుట్ ఫంక్షన్‌తో రాసిన పాత ప్రోగ్రాములో పై బాణం పనిచేయాలంతే అనుకుంటే పైన ఇంపోర్ట్ రీడ్‌లైన్ అని ఒక లైను చేర్చండి.

లైసెన్సు సంగతి అడిగేవాళ్ల కోసం: సీఎండీ పైథాన్‌తోనే వస్తుంది, సీఎండీ2ది ఎంఐటీ, ప్రాంప్ట్ టూల్‌కిట్‌ది బీఎస్‌డీ. గ్నూ రీడ్‌లైన్‌ది మాత్రం జీపీఎల్.

కరెంటు, నెట్

రీడ్‌లైన్ చరిత్రని సాధారణంగా ప్రోగ్రాము మూసేటప్పుడు ఫైలుకి రాస్తారు. సీఎండీ2 కూడా సెషన్ ముగిసేటప్పుడే రాస్తుంది. కరెంటు పోయి యంత్రం ఆగితే ఆ పూట కొట్టిన లైన్లేవీ మిగలవు. ప్రాంప్ట్ టూల్‌కిట్‌లోని ఫైల్‌హిస్టరీ ప్రతి లైనునీ అప్పటికప్పుడే ఫైలు చివర చేరుస్తుంది. దానికి ఇచ్చే దారిలో టిల్డా గుర్తు పెడితే ఇంటి ఫోల్డరుగా మార్చుకోదు, ఎక్స్‌పాండ్‌యూజర్‌తో మీరే మార్చి ఇవ్వాలి. సీఎండీతోనే ఉంటామంటే పోస్ట్‌సీఎండీలో రీడ్‌లైన్.అపెండ్_హిస్టరీ_ఫైల్ పిలవండి, సంఖ్య 1 ఇచ్చి.

చరిత్ర పోతే పోయింది, లెక్క పోకూడదు. ఎస్‌క్యూలైట్ డేటాబేసులో ప్రతి ఆదేశాన్నీ ఒక విత్ కనెక్షన్ బ్లాకులో పెట్టండి, బ్లాకు దాటగానే కమిట్ అవుతుంది. చివర్లో ఒకేసారి కమిట్ చేద్దామని వదిలేస్తే మధ్యాహ్నం కరెంటుతో పాటు పొద్దుటి అమ్మకాలూ పోతాయి. "రద్దు" ఆదేశం వరసని చెరిపేయకూడదు, ఉల్టా పద్దు ఒకటి రాయాలి. ఎవరు ఎప్పుడు రద్దు చేశారో అప్పుడే తెలుస్తుంది.

దుకాణంలో నెట్ సరిగ్గా లేకపోతే ప్రాంప్ట్ టూల్‌కిట్‌ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లొచ్చు. నెట్ ఉన్నచోట పిప్ డౌన్‌లోడ్ అని, డి ఆప్షన్‌తో ఫోల్డరు పేరిచ్చి, ప్యాకేజీ పేరు కొట్టండి. అది, దానికి కావలసిన డబ్ల్యూసీవిడ్త్, రెండు చిన్న వీల్ ఫైళ్లు దిగుతాయి. రెండూ శుద్ధ పైథాన్ కాబట్టి లినక్స్‌లో దించినవి విండోస్‌లోనూ పడతాయి. దుకాణంలో పిప్ ఇన్‌స్టాల్‌కి నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లిచ్చి ఆ ఫోల్డరు చూపించండి. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లో నేరుగా పిప్ వేయనివ్వదు, "ఎక్స్‌టర్నలీ మేనేజ్డ్" అని ఆపుతుంది. ముందు వీఈఎన్‌వీ, అంటే మీ ప్రోగ్రాముకి విడిగా ఒక పైథాన్ చోటు, కట్టి అందులో వేయండి. షార్ట్‌కట్ కూడా ఆ వీఈఎన్‌వీలోని పైథాన్‌నే పిలవాలి, సిస్టమ్ పైథాన్‌ని పిలిస్తే మాడ్యూల్ లేదంటుంది.

అప్పగించేముందు కౌంటర్ దగ్గర కూర్చోబోయే మనిషినే కూర్చోబెట్టి ఈ ఆరు పనులు చేయించండి: ఖాళీ ఎంటర్ రెండుసార్లు, సగం కొట్టి కంట్రోల్-సి, అంకె బదులు అక్షరం, మూయని కొటేషన్, హైఫన్ తర్వాత ట్యాబ్, ఒక అమ్మకం కొట్టగానే బ్యాటరీ తీసేసి ప్లగ్ పీకడం. మళ్లీ ఆన్ చేశాక "నిల్వ" కొడితే ఆ చివరి అమ్మకం తగ్గి కనిపించాలి.